సాక్షుల వరుస

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా సుమారు 24 కిలోమీటర్ల దూరమున శంషాబాదు కలదు. ఒకప్పుడు బెంగుళూరు పోవు బాటమీద నొక చిన్న ఊరుగా నుండిన ఈ తావు, 2008వ సంవత్సరము మార్చి నెలలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైన నాటినుండి దేశదేశముల ప్రజలకు పరిచితమైనది. అంతకు ముందు ప్రయాణికుల విమానములు నగరము నడుమ నున్న బేగంపేటలో దిగుచుండెడివి. శంషాబాదులోని ప్రధానమైన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. పెద్ద పెద్ద విమానములు సయితము దానిమీద సులభముగా దిగగలవు, లేవగలవు.

అంత విశాలమైన బాట యున్నను అచ్చట విమానములకు వేచియుండుట తప్పదు. ఒక భారీ విమానము లేచిన వెంటనే దాని వెనుక చిన్న విమానమును లేవనీయరు. సాధారణముగా రెండు నిమిషములైనను ఆపుదురు. కిటికీలోనుండి చూచు ప్రయాణికునకు రన్‌వే ఖాళీగా కనబడును. దారి తెరపిగా నుండగా ఈ ఆలస్యమెందులకని అతడు విసుగుకొనవచ్చును. కాని భారీ విమానపు రెక్కల కొసలనుండి బలమైన సుడిగాలులు పుట్టి, కంటికి కనబడక, కొంత తడవు గాలిలో తిరుగుచుండును. వానిలో చిక్కిన చిన్న విమానము అదుపు తప్పి ఒరిగిపోగలదు. కనబడని ఆ అపాయమును తప్పించుటకే ఆ ఆలస్యము ఏర్పడినది.

విమానాశ్రయమున క్రొత్తగా కొలువునకు కుదిరిన వాని సంగతియు ఇట్టిదే. నియామకపు ఉత్తరము చేతికి వచ్చిన దినముననే అతడు లోపలి ద్వారముకడ నిలువజాలడు. పోలీసువారు అతని పూర్వచరిత్రను విచారింతురు. పౌర విమానయాన భద్రతకు సంబంధించిన నియమముల ప్రకారము ప్రవేశపత్రము లభింపవలెను. అందాక అతడు వేచియుండవలసినదే. ఒక్క ఉదయమున కావలివారి నందరిని ఇండ్లకు పంపి, వారి స్థానమున ముక్కు మొగము తెలియని వారిని నిలిపినచో ఏమగునో ఊహింపుడు. క్రొత్తవారందరును మంచివారే కావచ్చును. ఐనను ఎవరు తనవారో, ఎవరు వేషధారులో గుర్తింపగల పాతవాడు ఒక్కడును అచ్చట మిగులడు. కావుననే కావలివారిని కొద్దికొద్దిగా మార్చవలెనే గాని ఒక్కుమ్మడిగా మార్చరాదు.

విమానములతోను, ద్వారపాలకులతోను సంబంధము లేని మరియొక రంగమున గూడ ఇట్టి నియమమే నేడు అమలులో నున్నది. అది బ్లాక్‌చైన్ అనబడు ఉమ్మడి లెక్కల విధానము. అందు క్రొత్తగా చేరగోరు సాక్షి ధనమును ముందుగా చెల్లించియు, వెంటనే పనిలో ప్రవేశింపజాలక, కొన్ని గంటలో, కొన్ని దినములో, ఒక్కొక్కప్పుడు నెలకు మించియో వరుసలో వేచియుండవలెను. ఆ వేచియుండుట ఎందులకో తెలిసికొనవలె నన్నచో ఆ లెక్కల పద్ధతిని మొదట తెలిసికొనవలెను.

పూర్వము తెలంగాణ గ్రామములలో భూముల లెక్కలు పట్వారీ చేతిలో నుండెడివి. ఏ భూమి ఎవరిది, శిస్తు ఎంత, బాకీ ఎంత అను విషయములన్నియు అతని దస్తరములో వ్రాయబడి యుండెడివి. పట్వారీ ధర్మాత్ముడైనచో ఊరు సుఖముగా నుండెను. అతడు కలమును ఒక్కసారి ప్రక్కదారి పట్టించినచో పేదవాని చెలక మరియొకని పేరిటికి మారిపోయెను. 1980ల దశకమున ఆ పదవులు రద్దైనవి. కాని లెక్క వ్రాయువాడే తప్పు వ్రాసినచో గతి యేమి అను ప్రశ్న మాత్రము రద్దు కాలేదు. లెక్క ఒక్కని చేతిలో నున్నంత కాలము, అది పట్వారీ దస్తరమైనను, పెద్ద సంస్థ కంప్యూటరైనను, ఆ ప్రశ్న నిలిచియే యుండును.

దీనికి సమాధానముగా కొందరు గణితవేత్తలును, కంప్యూటరు శాస్త్రజ్ఞులును ఒక ఉపాయము పన్నిరి. చిట్టా ఒక్కని యొద్ద నుండుటకు మారుగా వేలకొలది కంప్యూటర్లలో దాని నకళ్లు ఉండును. చిట్టాలోని ఒక్కొక్క పుటను బ్లాక్ అందురు. ప్రతి పుటమీదను దానికి ముందున్న పుటనుండి గణితము ద్వారా తీసిన ఒక గుర్తు ఉండును. పాత పుటలో ఒక్క అక్షరము మార్చినను ఆ గుర్తు మారిపోవును. దాని తరువాతి పుటలన్నియు దానితో పొసగకుండ పోవును. ఇట్లు పుటలు గొలుసువలె ఒకదానితో నొకటి ముడిపడి యుండుటచేత దీనికి బ్లాక్‌చైన్ అను పేరు వచ్చినది. సతోషి నకమోటో అను మారుపేరు గల వ్యక్తి రూపొందించిన బిట్‌కాయిన్ 2009 జనవరిలో ఈ పద్ధతితో మొదలైనది.

ఐతే అందరి యొద్దను నకళ్లు ఉన్నంత మాత్రమున తగవు తీరదు. తరువాతి పుటను ఎవరు వ్రాయవలెను? వ్రాసినది సరియైనదని ఎవరు సాక్ష్యము చెప్పవలెను? తలకొక ఓటు అన్నచో, కంప్యూటర్ల లోకమున ఒక్క మనిషి వేయి దొంగపేర్లతో రాగలడు. అచ్చట ముఖము చూచి గుర్తించువారు లేరు. బిట్‌కాయిన్ దీనికి శ్రమను పరీక్షగా పెట్టినది. మిక్కిలి కష్టమైన లెక్కను ముందుగా విప్పిన కంప్యూటరునకు పుట వ్రాయు హక్కు లభించును. దొంగపేర్లు వేయి పెట్టుకొనవచ్చును గాని వేయి కంప్యూటర్ల విద్యుత్తును దొంగిలించుట సులభము కాదు. ఈ పద్ధతి పని చేసినది. కాని దానికి విద్యుత్తు విపరీతముగా ఖర్చగుచున్నది.

రెండవ మార్గము పూచీ పద్ధతి. సాక్షిగా నుండగోరువాడు కొంత ధనమును ధరావతుగా కట్టవలెను. నిజము పలికినచో అతనికి కొద్దిపాటి ప్రతిఫలము లభించును. అబద్ధపు సాక్ష్యము పలికినచో ధరావతులో కోత పడును. అతడు సాక్షుల జాబితానుండి తొలగింపబడును. ఇట్టి సాక్షిని ఆంగ్లమున వాలిడేటర్ అందురు; ధ్రువీకర్త యని తెలుగు చేయవచ్చును. సౌలభ్యము కొరకు ఇందు సాక్షి అను మాటయే వాడబడినది.

పూచీ పద్ధతిని అనుసరించు చిట్టాలలో మిక్కిలి పెద్దది ఈథీరియం. దీనిని తలపెట్టినవాడు విటాలిక్ బ్యూటెరిన్ అను యువకుడు. ఇది 2015 జులై 30న మొదలైనపుడు బిట్‌కాయిన్ వలె శ్రమ పద్ధతినే అనుసరించెను. 2020 డిసెంబరు 1న దాని ప్రక్కనే పూచీ పద్ధతితో మరియొక గొలుసు ఆరంభమైనది. నాడు దానికి 21,063 మంది సాక్షులుండిరి. 2022 సెప్టెంబరు 15న రెండు గొలుసులను కలిపివేసి, శ్రమ పద్ధతికి స్వస్తి చెప్పిరి. దానితో ఆ చిట్టా వాడు విద్యుత్తు నూటికి 99 పాళ్లకు మించి తగ్గిపోయెను. ఈ చిట్టాలో చెల్లుబాటగు ద్రవ్యమును ఈథర్ అందురు. భారతదేశమున దానికి చట్టబద్ధమైన నాణెము హోదా లేదు. ఐనను ప్రపంచమున ఎందరో దానిని కొనుచు, అమ్ముచు, దాచుకొనుచు ఉన్నారు గనుక, ఆ చిట్టాలోని ఒక్క తప్పు లెక్క లక్షలమంది సొత్తును ముంచివేయగలదు.

ఈథీరియంలో ఒక సాక్షిగా నిలుచుటకు కనీసము 32 ఈథర్లు ధరావతు కట్టవలెను. అచ్చట కాలము 12 సెకండ్ల భాగములుగా విభజింపబడి యున్నది. ప్రతి భాగమునందును చీటీలు తీసినట్లుగా ఒక సాక్షి ఎన్నుకొనబడి ఒక పుటను వ్రాయును. అట్టి 32 భాగములు కలిసి ఒక విడత యగును. దీనిని ఎపాక్ అందురు. ఒక విడతకు 6 నిమిషముల 24 సెకండ్లు. దినమునకు 225 విడతలు. ఒక్కొక్క విడతలో ప్రతి సాక్షియు ఒకసారి తన ఓటు వేయవలెను. ధరావతులో మూడింట రెండు వంతులు కలవారు ఒప్పుకొన్న పుటలు, సాధారణముగా రెండు విడతలు గడచునప్పటికి, స్థిరపడును. అట్లు స్థిరపడిన పుటను మరల మార్చరాదు.

ఇక క్రొత్త సాక్షి లోనికి వచ్చు దారి ఎట్టిదో చూడదగును. అతడు మొదట ధరావతు చెల్లించును. ఆ చెల్లింపు చిట్టాలో నమోదై, స్థిరపడవలెను. 2025 మే నెల వరకు ఈ మొదటి మెట్టునకే దాదాపు సగము దినము పట్టుచుండెను. చెల్లింపు ఒక గొలుసులోను, సాక్షుల జాబితా మరియొక గొలుసులోను ఉండుటచేత, మొదటిదానిలో వ్రాసినది నమ్మదగినదని రెండవదానిలోని సాక్షులు తీరికగా చూచి, ఓటు వేసి ఒప్పుకొనవలసి యుండెను. 2025 మే 7న జరిగిన మార్పుతో ఈ ఆలస్యము కొన్ని నిమిషములకు తగ్గినది. అవసరము తీరిన ఆలస్యమును తొలగించుట గూడ మంచి నియమమునకు లక్షణమే.

రెండవ మెట్టు వరుస. ఒక్కొక్క విడతలో ఇంతమందిని మాత్రమే లోనికి రానీయవలెనని ఒక పరిమితి కలదు. వచ్చినవారు తక్కువైనచో వరుస యుండదు. ఎక్కువైనచో ముందు వచ్చినవాడు ముందు, వెనుక వచ్చినవాడు వెనుక. ధనవంతుడైనను, పేరుగల సంస్థయైనను వరుస దాటి ముందుకు పోజాలదు. వేయి మంది సాక్షులను నిలుపదలచిన కోటీశ్వరుడును, ఒక్క సాక్షిని నిలుపదలచిన సామాన్యుడును ఒకే వరుసలో నిలువవలెను. సిఫారసు ఉత్తరములకు అచ్చట చోటు లేదు.

మూడవ మెట్టు చివరి నిరీక్షణ. వంతు వచ్చిన పిదప గూడ క్రొత్తవాడు వెంటనే పనిలో దిగడు. నడుమ నాలుగు పూర్తి విడతలు, అనగా 25 నిమిషములకు పైగా, గడువవలెను. దీనికి కారణము చీటీలు తీయు పద్ధతిలో నున్నది. ఏ పుటను ఎవరు వ్రాయవలెనో నిర్ణయించు చీటీల సంఖ్యలు కొంత ముందుగానే తెలియును. ఆ సంఖ్య తెలిసిన తరువాత క్రొత్త సాక్షిని ప్రవేశపెట్టుటకు వీలున్నచో, కపటి యైనవాడు ఆ సంఖ్యకు సరిపోవునట్లుగా తన సాక్షిని కూర్చి, పుట వ్రాయు హక్కును దొంగిలింపగలడు. చీటీలు తీసిన పిదప పేర్లు చేర్పరాదన్నది ఊరి చీటీపాటలో నున్న వారందరికిని తెలిసిన న్యాయమే.

ఈ మూడు మెట్లలో అతి ముఖ్యమైనది నడిమిది. వరుస ఎందులకు? ధరావతు కట్టిన వారి నందరిని ఒక్కసారిగా రానిచ్చినచో నష్టమేమి? ఇది ఒక చిన్న లెక్కచేత బోధపడును.

ఒక ఊరిలో 100 మంది సాక్షులు ఉన్నారనుకొందురు గాక. ఒక పత్రము చెల్లవలె నన్నచో 67 మంది దానిపై వ్రాలు చేయవలెను. ఒకే పొలము రామయ్యదని ఒక పత్రమును, సోమయ్యదని మరియొక పత్రమును పుట్టినవి. రెంటిమీదను 67 వ్రాళ్లు ఉన్నవి. 67ను 67ను కూడినచో 134. ఊరిలో నున్నవారు 100 మందియే. కావున 34 మందియైనను రెండు పత్రములమీదను వ్రాలు చేసియుండవలెను. వారెవరో పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తెలిసిపోవును. వారి ధరావతు వెంటనే కోతకు గురియగును. అనగా ఈ చిట్టాను మోసగింప దలచినవారు సాక్షులలో మూడవ వంతు ధరావతును నష్టమునకు ఒడ్డవలెను. పూచీ పద్ధతికి గల బలమంతయు ఈ లెక్కలోనే యున్నది.

ఇప్పుడు ఆ ఊరిలో సాక్షుల జాబితా ఒక్క రాత్రిలో మారిపోయినదనుకొందురు గాక. నిన్నటి జాబితాలోని 67 మంది మొదటి పత్రముమీద వ్రాలు చేసి, తమ ధరావతు తీసికొని వెళ్లిపోయిరి. నేటి జాబితాలో క్రొత్తగా వచ్చిన 67 మంది రెండవ పత్రముమీద వ్రాలు చేసిరి. రెండింట వ్రాలు చేసినవాడు ఒక్కడును లేడు. దోషి ఎవరని చెప్పవలెను? ఎవరి ధరావతును కోయవలెను? చెల్లునట్టి పత్రములు రెండున్నవి. శిక్షింపదగినవాడు మాత్రము లేడు. తప్పు చేసినవాడు పట్టుబడవలె నన్నచో, తప్పు బయటపడునంత వరకు అతడు ఊరిలో నుండవలెను. నిన్నటి జాబితాకును నేటి జాబితాకును పెద్ద భాగము ఉమ్మడిగా నుండవలెను. కావుననే ప్రవేశమునకును, నిష్క్రమణమునకును గూడ పరిమితి ఏర్పడినది.

మరియొక ప్రయోజనమును గలదు. కొన్ని దినములు కంప్యూటరు ఆపియుంచి మరల చిట్టాలోనికి వచ్చినవాడు, తాను వెళ్లునాటి సాక్షుల జాబితాను బట్టియే క్రొత్త పుటలను పరీక్షింపవలెను. జాబితా మెల్లగా మారినచో ఆ పాత జాబితా కొంతకాలము వరకు అతనికి దారి చూపగలదు. త్వరగా మారినచో అది పనికిరాని కాగితమగును. అతనిని ఎవరైనను దారి తప్పింపవచ్చును. సెలవు మీద పోయివచ్చిన వాడు ద్వారముకడ తెలిసిన ముఖములు కొన్నియైనను చూచినపుడే తాను తన ఊరికే వచ్చితినని నమ్మగలుగును గదా.

వెలికి పోవువారికి గల నియమములు లోనికి వచ్చువారి నియమములకంటె కఠినమైనవి. వరుసలో వంతు వచ్చి, సాక్షి పని మానిన పిదపకూడ ధరావతు చేతికి వచ్చుటకు 256 విడతలు, అనగా 27 గంటలకు పైగా, ఆగవలెను. దోషియని తేలినవాడు 8,192 విడతలు, అనగా దాదాపు 36 దినములు, ఆగవలెను. ఆ గడువులో అతని తప్పు ఎంత పెద్దదో, అతనితో కుట్ర పన్నినవారు ఎందరో తేలిపోవును. ఒంటరిగా పొరపాటు చేసినవానికి చిన్న కోత, గుంపుగా చేరి మోసము చేసినవారికి పెద్ద కోత పడునట్లు ఏర్పాటు కలదు.

పరిమితిని నిర్ణయించిన తీరు గూడ గమనింపదగినది. 2020 నాటి నియమము ప్రకారము ఒక్కొక్క విడతలో కనీసము నలుగురు సాక్షులు లోనికి రావచ్చును. నాలుగును 225 చేత హెచ్చవేసినచో దినమునకు 900 మంది. సాక్షుల సంఖ్య పెరిగిన కొలది, ప్రతి 65,536 మందికి ఒకరు చొప్పున ఈ పరిమితియు పెరుగుచుండెను. ఊరు పెద్దదైన కొలది క్రొత్తవారిని ఇముడ్చుకొను శక్తియు పెరుగునని దీని భావము.

ఈ నియమమునకు గట్టి పరీక్ష 2023లో వచ్చెను. అంతవరకు ధరావతు కట్టినవారు దానిని తిరిగి తీసికొనుటకు వీలులేకుండెను. 2023 ఏప్రిల్ 12న ఆ తలుపు తెరువబడినది. తలుపు తెరచినచో సాక్షులందరు ధనము తీసికొని వెళ్లిపోవుదురేమో యని కొందరు భయపడిరి. కాని జరిగినది వేరు. కోరినపుడు వెలికి రావచ్చునని తెలిసిన తరువాత, లోనికి రాగోరువారి సంఖ్యయే విపరీతముగా పెరిగెను. ఆ సంవత్సరము జూన్ నాటికి 90 వేలకు పైగా సాక్షులు వరుసలో వేచియుండిరి. అప్పటికి పనిలో నున్నవారు సుమారు 6 లక్షలు. ఆ సంఖ్యను 65,536 చేత భాగించినచో విడతకు 9 మంది, అనగా దినమునకు 2,025 మంది లోనికి రావచ్చునని తేలును. 90 వేలను 2,025 చేత భాగించినచో 44 దినములు దాటును. నిజముగానే నాడు క్రొత్తవారు దాదాపు నెలన్నర వేచియుండవలసి వచ్చెను.

ఆ నెలన్నర వారికి ఉచితము కాదు. ధరావతుగా కట్టిన ధనము బంధింపబడి యుండును. దానిపై ప్రతిఫలము పైసాయైనను రాదు. కంప్యూటరును సిద్ధము చేసికొని, విద్యుత్తునకును, తంతి సంబంధమునకును ఖర్చు పెట్టుకొని, ఊరక కూర్చుండవలెను. ఒకరిద్దరు సాక్షులను మాత్రమే నిలుపగల సామాన్యునకు ఇది కష్టమే. కావున ఈ వరుస అన్యాయమనియు, పరిమితిని సడలింపవలెననియు కోరినవారు లేకపోలేదు. కాని పరిమితిని సడలించినచో మొదట లాభపడువాడు ఆ సామాన్యుడు కాడు. ఒక్క దినమున లక్ష సాక్షులను దింపగల ధనబలము గలవాడే లాభపడును. వరుస అందరికిని ఆలస్యము కలిగించునది నిజమే. కాని అది చిన్నవానిని కొన్ని దినములు ఆపినచో, దురుద్దేశముతో వచ్చిన పెద్దవానిని నెలల తరబడి ఆపును. ఆ నెలలలో తక్కినవారు మేల్కొందురు.

2024 మార్చి 13న ఈ నియమము మరికొంత బిగింపబడినది. సాక్షుల సంఖ్య ఎంత పెరిగినను విడతకు 8 మందికి మించి రానీయరాదని నిర్ణయించిరి. దీనికి కారణము వేరు. సాక్షుల సంఖ్య పది లక్షల దరికి చేరుచుండెను. ప్రతి సాక్షియు ప్రతి విడతలో ఓటు వేయవలెను గనుక, సంఖ్య పెరిగిన కొలది ఓట్లను చేరవేయు భారము పెరుగును. ఆ భారమును మోయలేక చిన్న కంప్యూటర్లు గలవారు తప్పుకొనినచో, చిట్టా మరల కొద్దిమంది పెద్దల చేతిలో పడును.

2025 మే 7న నియమము రూపు మార్చుకొనినది. ఒకే సాక్షి 2,048 ఈథర్ల వరకు పూచీగా ఉంచుటకు అనుమతి లభించెను. అప్పటినుండి పరిమితిని తలల లెక్కన గాక ధనపు లెక్కన గణించిరి. విడతకు 256 ఈథర్లు మాత్రమే లోనికి రావలెను. వెలికి పోవుటకును అంతే. దినమునకిది 57,600 ఈథర్లు. 32 ఈథర్ల చొప్పున చూచినచో పాత 8 మంది లెక్కయే ఇదియు. ఆ సంవత్సరము సెప్టెంబరులో వెలికి పోవువారి వరుస పొడవైనది. ఒక పెద్ద సంస్థ ముందుజాగ్రత్తగా తన సాక్షులను వెలికి తీసికొనుట అందుకొక కారణము. సుమారు 25 లక్షల ఈథర్లు నిష్క్రమణకై వేచియుండెను. వేచియుండు కాలము 40 దినములు దాటెను. అంత పెద్ద కదలిక జరుగుచున్నను లోపల చిట్టా వ్రాయు పని ఆగలేదు. గుంపు ద్వారముకడ త్రొక్కిసలాడక వరుసలో నడచినందుననే అది సాధ్యమైనది.

ఇట్టి నియమము ఈథీరియమునకు మాత్రమే పరిమితము కాదు. కార్డానో అను చిట్టాలో విడత ఐదు దినములది. అందు క్రొత్తగా కూర్చిన పూచీ వెంటనే లెక్కకు రాదు. రెండు విడతల సరిహద్దులు దాటిన పిదపనే పనికి వచ్చును. సోలానా అను చిట్టాలో విడత దాదాపు రెండు దినములది. అందును క్రొత్త పూచీ విడత మారునపుడే చలామణికి వచ్చును. ఒక్క విడతలో మారగల మొత్తమునకు పరిమితియు కలదు. పేర్లు వేరు, గడువులు వేరు. అంతరార్థము మాత్రము ఒక్కటే.

హైదరాబాదు నగరమునకు ఈ విద్య క్రొత్త కాదు. 2018 ఆగస్టులో అంతర్జాతీయ బ్లాక్‌చైన్ మహాసభ ఇచ్చట జరిగినది. తెలంగాణ ప్రభుత్వపు రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ల లెక్కలలో మోసములను అరికట్టుటకై టీ-చిట్స్ అను బ్లాక్‌చైన్ ఏర్పాటును ప్రవేశపెట్టినది. ఐతే ఇట్టి ప్రభుత్వపు చిట్టాకును, ఈథీరియం వంటి బహిరంగపు చిట్టాకును ఒక భేదమున్నది. ప్రభుత్వపు చిట్టాలో ఎవరు చేరవలెనో ఒక అధికారి నిర్ణయించును. అతనికి చేరువాని పేరు, ఊరు, చిరునామా తెలియును. విమానాశ్రయమున ప్రవేశపత్రము ఇచ్చునట్లు, విచారించి ఇచ్చును. బహిరంగపు చిట్టాలో విచారించువాడు లేడు, పత్రమిచ్చువాడు లేడు. ఎవడైనను, ఏ దేశమునుండియైనను రావచ్చును. పూర్వచరిత్రను అడుగు వీలులేని చోట అడుగదగినవి రెండే: ధరావతు, కాలము. ధరావతు అతనికి నష్టభయమును కలిగించును. కాలము తక్కినవారికి గమనించు అవకాశమును కలిగించును.

సాక్షి అనగా ఏ మూలనో కూర్చున్న మనిషి కాదు. రేయింబవళ్లు నడచు కంప్యూటరు. ఇట్టి కంప్యూటర్లు కొన్ని సామాన్యుల ఇండ్లలోను, పెక్కు అద్దెకిచ్చు పెద్ద డేటా సెంటర్లలోను నడుచుచుండును. అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతమున తన కంప్యూటర్ల సేవను 2022 నవంబరులో ఆరంభించినది. దానికై రంగారెడ్డి జిల్లాలో శంషాబాదునకు సమీపమున నున్న ఫ్యాబ్ సిటీ, చందనవెల్లి మొదలగు తావులను ఎన్నుకొనినది. అట్టి భవనములలో కూర్చి, ఒక కంప్యూటరును సాక్షిగా సిద్ధము చేయుటకు కొన్ని నిమిషములు చాలును. యంత్రము సిద్ధమగుటకు నిమిషములు చాలినను, దానిని తక్కినవారు సాక్షిగా అంగీకరించుటకు దినములు పట్టుచున్నది. యంత్రపు వేగమును పెంచినంత మాత్రమున ఆ దినములు తగ్గవు; అవి యంత్రమున కేర్పరచినవి కావు.

నేటి కాలమున ఆలస్యమనగానే అలసత్వమని తలచుట అలవాటైనది. కొన్ని ఆలస్యములు నిజముగా అలసత్వమే. గుమాస్తా కాగితమును బల్లమీద మరచుట, అధికారి అకారణముగా రేపు రమ్మనుట అట్టివి. వానిని ప్రశ్నింపవలెను, తొలగింపవలెను. కొన్ని ఆలస్యములు మాత్రము రక్షణ కొరకు ఏర్పడినవి. వానిని గుర్తించుటకు ఒక పరీక్ష కలదు. ఆ ఆలస్యము అందరికిని ఒకే తీరున వర్తించుచున్నదా? దాని కొలత ముందుగా అందరికిని తెలియునా? దానిని తీసివేసినచో ఎవరికి లాభము? సాక్షుల వరుస ఈ పరీక్షకు నిలిచినది. ఎవరి దయపైనను అది ఆధారపడదు. ఎంత కాలము ఆగవలెనో ఎనిమిదవ తరగతి విద్యార్థి సయితము గుణించి, భాగించి చెప్పగలడు. దానిని తీసివేసినచో లాభపడువాడు తొందరపడు మోసగాడే. ఒకరినొకరు ఎరుగని లక్షలమంది ఒకే చిట్టాను నమ్మి తమ సొత్తును అందు వ్రాయించుకొనగలుగుటకు ఆ వరుసలో గడచిన దినములే మూలధనము.